ఆకుకూరల పెట్టెలో పీహెచ్ రోజూ 8కి ఎందుకు ఎక్కుతోంది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బొబ్బిలిలో మీ మేడ మీద 20 లీటర్ల థర్మకోల్ పెట్టెలు నాలుగు పెట్టి, మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్ళలోనే పాలకూర, తోటకూర, లెట్యూస్ వేశారు. నీళ్ళు ఇంటి బోరువి. నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి కొలిచే టీడీఎస్ పెన్ను 620 చూపిస్తోంది. మోటారు వేసిన వెంటనే పట్టి చూస్తే పీహెచ్ (7 కంటే తగ్గితే నీళ్ళు పులుపు వైపు, పెరిగితే క్షారం వైపు అని చెప్పే అంకె) 7.4, అదే బకెట్టు మర్నాడు పొద్దున్న చూస్తే 8.3. నిమ్మరసం పిండి 6కి దించుతున్నారు, రెండు రోజుల్లో మళ్ళీ 8 దగ్గరికి వచ్చేస్తోంది. కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా వస్తున్నాయి. పెన్ను పాడైందా, నేనే ఏదైనా తప్పు చేస్తున్నానా అని అడిగారు.

పెన్ను చెప్పేది నిజమే అనుకుంటున్నాను. మీరు చేస్తున్న తప్పు కూడా ఒక్కటే, అది మొదట్లో నేనూ ఏడాది పాటు చేశాను. పీహెచ్ అంకె వెంట పడుతున్నారు. ఆ అంకెను పైకి లాగుతున్నది నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బొనేటు. దాన్నే క్షారత అంటారు. పీహెచ్ అంటే కుండలో నీళ్ళు ఇప్పుడు ఎంత వేడిగా ఉన్నాయో చెప్పేది అనుకోండి. క్షారత అంటే కింద పొయ్యిలో ఎంత కట్టె ఉందో చెప్పేది. చన్నీళ్ళు చిలకరిస్తే కుండ కాసేపు చల్లబడుతుంది, పొయ్యి మండుతూనే ఉంటుంది.

మీ బోరు నీళ్ళలో క్షారత ఎక్కువ ఉందో లేదో సగం మీ వంటింట్లోనే తెలిసిపోతుంది. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదా? నీళ్ళు కాచే గిన్నె అడుగున, హీటర్ రాడ్డు మీద తెల్లటి పెచ్చు కడుతోందా? ఇవి ఉంటే నీళ్ళలో కాల్షియం, బైకార్బొనేటు దండిగా ఉన్నట్టే. మీరు రాసిన 7.4, 8.3 తేడా కూడా ఇదే చెబుతోంది. భూమి లోపల ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అది ఉన్నంతసేపూ పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది. బయటికి వచ్చాక గోలీసోడా మూత తీసినట్టు ఆ గ్యాసు మెల్లగా పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. అందుకే బోరు నీళ్ళను ఒక రాత్రి మూత లేకుండా ఉంచి, పొద్దున్న కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. అప్పుడే పట్టిన నీటి పీహెచ్ మీద ఏ నిర్ణయమూ చెయ్యకండి.

ఇక కొలత మాట. పీహెచ్ పెన్ను క్షారతను చూపించదు, టీడీఎస్ పెన్నూ చూపించదు. టీడీఎస్ 620 అంటే అందులో మామూలు ఉప్పు ఎంతో, బైకార్బొనేటు ఎంతో తెలియదు. సముద్రం పక్క ఊళ్ళలో అదే 620లో ఉప్పు పాలు ఎక్కువ ఉండొచ్చు, లోపలి ఊళ్ళలో బైకార్బొనేటు పాలు ఎక్కువ ఉండొచ్చు. ఈ రెండింటికీ మందు వేరు. మీకు కావలసింది అక్వేరియం చేపలు అమ్మే షాపులో దొరికే, క్షారత కొలిచే కేహెచ్ కిట్. చిన్న సీసాలో చుక్కల మందు, ఒక గాజు గొట్టం వస్తాయి. గొట్టంలో 5 మి.లీ. నీళ్ళు పోసి, ఒక్కొక్క చుక్క వేసి ఊపుతూ లెక్కపెట్టాలి. మొదటి చుక్కకే నీళ్ళు నీలంగా అవుతాయి. చుక్కలు వేస్తూ పోతే ఒక చుక్క దగ్గర ఆ నీలం పోయి పసుపు వస్తుంది. ఆ చుక్క ఎన్నోదో అదే మీ కేహెచ్. ఎక్కువ కిట్లలో ఒక చుక్క అంటే లీటరుకు దాదాపు 18 మిల్లీగ్రాముల క్షారత, అట్ట మీద చూసుకోండి. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో క్షారత లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని ఉంది. అంటే మనుషులు నిశ్చింతగా తాగే నీళ్ళు కూడా మొక్కల పెట్టెకు ఇబ్బంది పెట్టొచ్చు. మట్టిలో అయితే ఆ భారం మట్టి చాలావరకు మోస్తుంది. పెట్టెలో మోసేవాళ్ళు లేరు.

నాది శ్రీకాకుళం. మా బోరు నీళ్ళకు 16వ చుక్కకు రంగు మారింది. అంటే లీటరుకు 285 పైన. ఈ లెక్క తెలియని రోజుల్లో ఏం చేశానో చెబుతాను, మీరు అదే దారిలో వెళ్ళబోతున్నారని మీ ప్రశ్న చివరి వాక్యం చూసి అనిపించింది, ఫాస్ఫారిక్ ఆసిడ్ కొననా అని అడిగారు కదా. నేను 50 లీటర్ల డ్రమ్ము నిండా బోరు నీళ్ళు పట్టి, పోషకాలు కలిపి, 85 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్ కొంచెం కొంచెంగా పోస్తూ పోయాను. పీహెచ్ 6కి వచ్చేసరికి దాదాపు 18 మి.లీ. పట్టింది. అంకె వచ్చింది కదా అని సంతోషంగా పడుకున్నాను. తెల్లారి చూస్తే డ్రమ్ము అడుగున ముగ్గుపిండి లాంటి మడ్డి. కర్ర పెట్టి తిప్పితే తెల్లగా పైకి లేచి, మళ్ళీ అడుగుకు చేరింది. పీహెచ్ కూడా 6 దాటి పైకి వచ్చేసింది. మరో పది రోజులకు లెట్యూస్ లేత ఆకుల అంచులు కాలినట్టు నల్లబడ్డాయి.

ఆ మడ్డి కాల్షియం ఫాస్ఫేటు. నేను పోసిన ఆసిడ్‌లో ఉన్న భాస్వరం, పోషకంలో ఉన్న కాల్షియం రెండూ గట్టిపడి అడుగుకు దిగాయి, మొక్కకు కాల్షియం అందలేదు. ఆకుకూరలకు లీటరు నీళ్ళలో 30 నుంచి 50 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటే సరిపోతుంది. ఆ రోజు నేను ఒక్క ఆసిడ్‌తోనే లీటరుకు 160 దాకా వేసేశాను. క్షారత ఎక్కువ ఉన్న నీళ్ళను ఫాస్ఫారిక్‌తో ఒక్కదానితోనే దించాలనుకుంటే ఇదే జరుగుతుంది. అందుకని ముందు క్షారతను నీళ్ళతోనే తగ్గించాలి, మిగిలిన కాస్తకు ఆసిడ్ వాడాలి.

నీళ్ళతో తగ్గించడం అంటే వాన నీళ్ళు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే జిల్లాలు మనవి. వంద చదరపు అడుగుల మేడ మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 90 లీటర్ల పైన నీళ్ళు వస్తాయి. మీ నాలుగు పెట్టెలు కలిపి 80 లీటర్లే. సీజన్‌లో మొదటి వాన దుమ్ముతో వస్తుంది, దాన్ని పోనిచ్చి తర్వాత పడ్డవి గుడ్డతో వడగట్టి, మూత ఉన్న నల్ల డ్రమ్ముల్లో దాచండి. వెలుతురు తగలకపోతే పాకుడు పట్టదు. నేను జూలై నుంచి అక్టోబరు దాకా పట్టినవి సంక్రాంతి పంటకు కూడా వాడుతాను. ఎండాకాలంలో వాన నీళ్ళు అయిపోతే ఆర్వో మంచినీళ్ళు కొనుక్కోండి. ఇంట్లో ఆర్వో మిషను నుంచి పక్క పైపులో పోయే వ్యర్థం నీళ్ళు మాత్రం ఇందుకు వాడకండి, మనం తీసేయాలనుకున్నదంతా అందులోనే చిక్కగా ఉంటుంది.

మూడు పాళ్ళు వాన నీళ్ళు, ఒక పాలు బోరు నీళ్ళు కలిపితే నా 16 చుక్కల నీళ్ళు 4 చుక్కలకు వచ్చాయి, అంటే లీటరుకు 70 చిల్లర. పూర్తిగా వాన నీళ్ళే పోస్తే ఇంకా మంచిది కదా అని అడుగుతారేమో. కాదమ్మా. క్షారత బొత్తిగా లేని నీళ్ళలో పీహెచ్‌కు ఆసరా ఉండదు, ఒక చుక్క ఆసిడ్ ఎక్కువైతే 4కి పడిపోతుంది, వేళ్ళు దెబ్బతింటాయి. కొంచెం బైకార్బొనేటు ఉండాలి. ఆసిడ్ వేసిన తర్వాత కూడా లీటరుకు 25, 30 మిగిలితే నా అనుభవంలో పెట్టె కుదురుగా నడుస్తుంది.

ఇప్పుడు 20 లీటర్ల పెట్టెకు లెక్క. మీ నీళ్ళూ మా నీళ్ళలాంటివే అనుకుని చెబుతున్నాను, చుక్కలు లెక్కపెట్టాక సరిచూసుకోండి. 15 లీటర్ల వాన నీళ్ళు, 5 లీటర్ల బోరు నీళ్ళు. అందులో కాల్షియం నైట్రేటు 16 గ్రాములు వేసి పూర్తిగా కరగనివ్వండి. వేరే చెంబులో 13:0:45 ఎరువు (ఇలాంటి మూడు అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్ళు) ఎనిమిది గ్రాములు, మెగ్నీషియం సల్ఫేటు 8 గ్రాములు, 0:52:34 రెండు గ్రాములు, సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్టు మీద చెప్పినంత కరిగించి, తర్వాత పెట్టెలో పొయ్యండి. చిక్కటి ద్రావణాలు రెండూ ఒకే చెంబులో కలిపితే క్షణంలో పెరుగులా విరిగిపోతాయి, కాల్షియానికి సల్ఫేటు, ఫాస్ఫేటు చిక్కగా తగలకూడదు. మామూలుగా 0:52:34 నాలుగు గ్రాములు వేసేవాణ్ణి, ఆసిడ్‌తో వచ్చే భాస్వరాన్ని లెక్కలో వేసుకుని సగానికి దించాను. 19:19:19 ఒక్కటి చాలని ఎరువుల షాపులో చెబితే వినకండి. అందులో నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది, అది మట్టిలో సూక్ష్మజీవులు మార్చి పెడితే గానీ మొక్కకు సరిగా అందదు. పైగా కాల్షియం ఉండదు.

పోషకాలన్నీ కలిపి ఇరవై నిమిషాలు ఆగాకే పీహెచ్ చూడాలి. చాలామంది ముందు నీళ్ళను 6కి దించి, తర్వాత పోషకాలు వేస్తారు. పోషకాలు వేశాక పీహెచ్ ఎలాగూ మారుతుంది, రెండోసారి మళ్ళీ దించాల్సి వస్తుంది. ఈ కలిపిన నీళ్ళకు 85 శాతం ఆసిడ్ ఒకటింబావు మి.లీ. సరిపోతుంది. కానీ చిక్కటి ఆసిడ్‌ను పెట్టెలో నేరుగా పొయ్యకండి. ఒక ప్లాస్టిక్ సీసాలో 90 మి.లీ. వాన నీళ్ళు ముందు పోసుకుని, అందులోకి 10 మి.లీ. ఆసిడ్ మెల్లగా వంచండి. ఎప్పుడూ నీళ్ళలోకి ఆసిడ్, ఆసిడ్‌లోకి నీళ్ళు కాదు. చేతికి రబ్బరు తొడుగు, కళ్ళకు అద్దాలు ఉండాలి. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. చూడటానికి అది మంచినీళ్ళలాగే ఉంటుంది. ఈ పలచటి ఆసిడ్‌లో 12 మి.లీ. మీ పెట్టెకు కావాలి. ముందు 8 పోసి, బాగా కలిపి, పది నిమిషాలు ఆగి చూడండి. తర్వాత ఒకటి, రెండు చొప్పున పెంచండి. 6 దగ్గర ఆపెయ్యండి.

మర్నాడు పీహెచ్ కొంచెం పైకి వస్తుంది, కంగారు పడొద్దు. ఆసిడ్ తగిలిన బైకార్బొనేటు కార్బన్ డయాక్సైడ్ అయి గాల్లోకి పోతుంది, అది పోయాక అసలు అంకె కనబడుతుంది. ఆ రోజు ఇంకో సారి సరిచేస్తే తర్వాత నాలుగైదు రోజులు మీరు ముట్టుకోనక్కర లేదు.

బ్యాటరీ షాపులో దొరికే ఆసిడ్, బాత్‌రూములు కడిగే ఆసిడ్ చవకని వాడేవాళ్ళు ఉన్నారు. తినే కూరలమ్మా ఇవి. వాటిలో ఏ లోహాలు ఉంటాయో, ఏ రంగులు కలుపుతారో మనకు తెలియదు. ఆసిడ్ ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్నదే కొనండి. నిమ్మరసం అపాయం కాదు గానీ నిలవదు. నిమ్మలో ఉన్న సిట్రిక్ ఆమ్లాన్ని నీళ్ళలో ఉన్న సూక్ష్మజీవులు తినేస్తాయి, అది పోగానే బైకార్బొనేటు మళ్ళీ తయారవుతుంది. మీకు రెండు రోజుల్లో 8కి ఎక్కడానికి కారణం అదే. పైగా ఆ సూక్ష్మజీవులు పెరిగి వేళ్ళకు జిగురు పట్టిస్తాయి. ఒకసారి పెట్టె మూత ఎత్తి వేళ్ళు వేలితో తాకి చూడండి, జారుడుగా ఉంటే ఆ నీళ్ళు పారబోసి కొత్తవి కలపండి. పీహెచ్ మరీ తగ్గిపోతే వంటసోడా వెయ్యకండి, అందులో సోడియం ఉంది, ఆకులకు అక్కరలేదు. కాస్త బోరు నీళ్ళు పొయ్యండి. మన నీళ్ళే మనకు పెంచే మందు.

పసుపు ఆకుల సంగతి. కొత్త ఆకు పసుపు, ఈనె పచ్చ అంటే ఇనుము అందడం లేదని. మీ పెట్టెలో ఇనుము లేదని కాదు, ఉన్నది మొక్కకు పట్టుబడటం లేదు. ఎరువుల షాపుల్లో దొరికే 12 శాతం ఇనుము పొడి ఈడీటీఏతో, అంటే ఇనుమును నీళ్ళలో కరిగి ఉండేలా పట్టుకునే పదార్థంతో, కట్టినది. పీహెచ్ ఆరున్నర దాటితే ఆ కట్టు వదిలిపోతుంది, ఇనుము తుప్పులా మారి అడుగుకు చేరుతుంది. డీటీపీఏ రకం 7 దాకా నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ అనే ముదురు ఎరుపు పొడి 9 దాకా కూడా నిలుస్తుంది, ఖరీదు ఎక్కువ. మీరు ముందు పీహెచ్‌ను 6కి తెచ్చి, ఆ తర్వాత 12 శాతం పొడి 20 లీటర్లకు గ్రాములో మూడో వంతు వెయ్యండి. ఇప్పటికే పసుపైన ఆకు పూర్తిగా తిరిగి పచ్చబడకపోవచ్చు. ఐదారు రోజుల తర్వాత కొత్తగా విచ్చే ఆకును చూడండి, జవాబు అందులో ఉంటుంది. ఆకు మీద ఇనుము పిచికారీ చెయ్యమని ఎవరైనా చెబితే, పాలకూర, తోటకూర మనం తినేది ఆకే కాబట్టి నేనైతే చెయ్యను.

పీహెచ్ 5.8 దగ్గరే గీత గీసినట్టు ఉండాలా అని కూడా మీరు అడిగారు. ఆ అంకె నెట్‌లో విదేశాల్లో గంజాయి పెంచేవాళ్ళ పేజీల నుంచి వచ్చి ఉంటుంది. ఇంట్లో నీటిసాగులో పీహెచ్ గురించి వెతికితే సగం అవే కనిపిస్తాయి. కొన్ని దేశాల్లో అది చట్టబద్ధం. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే, ఆ పంట మాట మనకు వద్దు. నీళ్ళ రసాయనం మాత్రం ఏ మొక్కకైనా ఒకటే కాబట్టి వాళ్ళు చెప్పిన 5.5 నుంచి 6.5 మధ్య అన్న హద్దు మన ఆకుకూరలకూ సరిపోతుంది. ఆ హద్దులో అంకె కదలడం తప్పు కాదు, కదలాలి కూడా. మొక్క నైట్రేటు తాగినప్పుడు నీళ్ళ పీహెచ్ మెల్లగా పెరుగుతుంది. రోజుకు 0.1, 0.2 చొప్పున పెరుగుతోందంటే మొక్క తింటోందని నేను సంతోషిస్తాను. ఆ పెరుగుదల మరీ ఎక్కువ అనిపిస్తే 0:52:34 రెండు గ్రాముల బదులు 12:61:0 ఒకటిన్నర గ్రాము వెయ్యండి. అందులో నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది తాగినప్పుడు మొక్క పీహెచ్‌ను కిందికి లాగుతుంది, రెండూ తూకానికి వస్తాయి. అంతకంటే ఎక్కువ వద్దు, వేడి రోజుల్లో అమ్మోనియం ఎక్కువైతే వేళ్ళకు చెరుపు.

అంకె ఉన్నట్టుండి ఒక్కసారిగా పడిపోతే మాత్రం వేళ్ళు చూడండి. గోధుమ రంగులోకి తిరిగి, కుళ్ళు వాసన వస్తుంటే ఆసిడ్ లెక్క కాదు, వేరుకుళ్ళు. మే నెలలో మన మేడల మీద పెట్టెలో నీళ్ళు 35 డిగ్రీలకు పోతాయి, అంత వేడిలో నీళ్ళలో గాలి నిలవదు. పెట్టెకు నీడ కట్టండి, పైన తెల్ల సున్నం పూయండి, ఆ నెలన్నర లెట్యూస్ వదిలేసి తోటకూర, బచ్చలి వేసుకోండి.

పెట్టెల గురించి రెండు మాటలు. చేపల మార్కెట్లో పాత ఐసు పెట్టెలు తెచ్చుకున్నానన్నారు. నేనూ అవే వాడతాను. నాకు ఇచ్చే ఆవిడ ప్రతిసారీ "కడిగే ఇస్తన్నాను బావూ, అయినా ఇంకోపాలి కడుక్కో" అంటుంది. ఒక్కసారి కాదు, మూడు నీళ్ళు కడిగి ఒక రాత్రి మంచినీళ్ళు నింపి ఉంచండి, ఉప్పు అప్పుడు వదులుతుంది. కుండీల్లో కొబ్బరి పొట్టు వాడితే అది కూడా కడగాలి, మన ఉద్దానం కొబ్బరి పీచు మిల్లుల దగ్గర దొరికే పొట్టులో పొటాషియం, సోడియం ఉంటాయి, కాల్షియం నైట్రేటు కలిపిన నీళ్ళలో ఒక రోజు నానబెట్టి పిండితే సరి. ఏటి గులకరాళ్ళు వేసి ఉంటే నాలుగు రాళ్ళ మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నపురాయి ఉంది, అది పెట్టెలో ఉన్నన్నాళ్ళూ మీరు ఎంత ఆసిడ్ పోసినా పీహెచ్ ఎక్కుతూనే ఉంటుంది.

పెన్ను మీద మీకు అనుమానం ఉంది కాబట్టి దాన్నీ చూసుకోండి. పెన్నుతో వచ్చిన పొడి ప్యాకెట్లు 6.86, 4.01 అని ఉంటాయి. అట్ట మీద చెప్పినన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, ముందు 6.86లో, తర్వాత 4.01లో సరిచెయ్యండి, నెలకు ఒకసారి చాలు. గాజు బుడిపె ఎండిపోనివ్వకూడదు. మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం నాలుగు చుక్కలు ఉంచండి, డిస్టిల్డ్ వాటర్ వద్దు, అందులో ఉంచితే బుడిపె త్వరగా చెడుతుంది.

ఇంకొక్కటి, మీ ప్రశ్నలో చిన్న మాటగా దాటేశారు గానీ నాకు అదే ముఖ్యం అనిపించింది. పోయిన వేసవిలో మేడ మీద కొత్త సిమెంటు ట్యాంకు కట్టించామన్నారు. కొత్త సిమెంటు నెలల తరబడి సున్నం వదులుతూ ఉంటుంది. మీ పెట్టెల్లో పీహెచ్ ఎక్కడంలో కొంత ట్యాంకుది కూడా కావొచ్చు. రేపు రెండు గ్లాసులు పెట్టండి. ఒకదానిలో బోరు గొట్టం నుంచి నేరుగా పట్టిన నీళ్ళు, రెండోదానిలో ట్యాంకు కొళాయి నీళ్ళు. రెండూ ఒక రాత్రి అలాగే ఉంచి, పొద్దున్న పీహెచ్ చూసి, కేహెచ్ చుక్కలు లెక్కపెట్టి నాలుగు అంకెలూ రాయండి. ట్యాంకు నీళ్ళవి బాగా ఎక్కువగా ఉంటే మొక్కలకు ట్యాంకు మానేసి బోరు దగ్గరే బిందెలతో పట్టుకుందురు గాని. ఎన్ని పాళ్ళు వాన నీళ్ళు కలపాలో ఆ చుక్కలు చూసి చెబుతాను.